అరిగిన తూనికరాయి

కృష్ణపట్నం పోర్టు రోడ్డు,
ఆదివారం సాయంత్రం.

ప్రేమగల అమ్మకు నీ చిన్నకూతురు రూతు వందనాలు. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? అక్క రాత్రిళ్ళు నిద్రపోతోందా? కాళ్ళకు నీరు తగ్గిందా? గిద్దలూరులో ఎండలు అప్పుడే మొదలయ్యాయట కదా, బడి వంటగదిలో పొయ్యి ముందు నిలబడేటప్పుడు తలమీద తడిగుడ్డ వేసుకో. నేనిక్కడ క్షేమం. ఈ మాట రాసి రెండుసార్లు చదువుకున్నాను. క్షేమమే అమ్మా, ముందే చెబుతున్నాను, భయపడకు. భయమంతా నేనే పడుతున్నాను, నీ వంతుకు ఏమీ మిగల్చలేదు.

ఫోన్లు ఉండగా ఈ ఉత్తరమేమిటి, అదీ బడి అడ్రసుకు పంపడమేమిటి అనుకుంటావు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అక్క దిండు పక్కనే ఉంటుంది. నేను చేస్తే స్పీకరు పెట్టి ఇద్దరూ వింటారు. ఇందులో సంగతి అక్క వినకూడదు. బడిలో పెద్దమేడంగారి ఫోనుకు చేస్తే నీకు అందరి ముందూ మాట పెగలదు, నాకు ఏడుపు ఆగదు. అందుకని పిల్లలు అన్నాలు తిని వెళ్ళాక, గిన్నెలు కడగడం అయ్యాక, వంటగదిలో కూర్చుని మెల్లగా చదువుకో. ఇంటికి మాత్రం తీసుకుపోకు.

ఈ నర్సు ఉద్యోగానికి ఇక్కడికొచ్చి మూడు నెలలు దాటింది. సముద్రం అలవాటైంది కానీ గాలి అలవాటు కాలేదు. ఉతికిన బట్ట ఆరదు, ఆరినా ఉప్పుప్పగా ఉంటుంది. పోర్టుకు వెళ్ళే లారీలు మా హాస్టలు గది కిటికీ కిందనుంచే పోతాయి, మంచం కూడా వాటితోపాటు కదులుతుంది. రాత్రి భోజనంలో వారానికి నాలుగు రోజులు చేపల పులుసే. ముల్లు తీయడం ఇంకా సరిగ్గా రాదు. నీ చేతి జొన్నరొట్టె గుర్తొచ్చి ఒకరోజు ఆయా మునెమ్మతో అంటే, "మెట్టోళ్ళు మీరు, రొట్టె తట్టుకుని బతుకుతారు. ఇక్కడ అన్నం లేకపోతే కూడు తిన్నట్టే గాదు" అని నవ్వింది. మునెమ్మది చిట్టమూరు దగ్గర పల్లె. వార్డులో నాకు తోడు, గదిలోనూ తోడే. అమ్మ దగ్గర లేని లోటు తీరుస్తుంది, తిట్లతో సహా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రెండు నెలల కింద మా ఆసుపత్రికి ఒక చిన్న స్కానింగు యంత్రం వచ్చిందని ఫోనులో చెప్పాను కదా. పలకంత తెర, దానికి తీగతో చేతిలో ఇమిడే ముక్క. అంతే. నీకు తెలిసిన స్కానింగులాంటిదే కానీ మేము కడుపు చూడం. మనిషి తొడ చూస్తాం. తుంటి ఎముకకూ మోకాటిచిప్పకూ సరిగ్గా మధ్యలో పెన్నుతో గుర్తు పెట్టి, జెల్ మందంగా రాసి, ముక్కను దానిమీద ఆనీ ఆనకుండా ఉంచాలి. తెరమీద పైన చర్మం, దాని కింద కొవ్వు, ఆ కింద కండ, అడుగున ఎముక తెల్లని గీతలా కనబడతాయి. ఆ కండ ఎంత మందముందో కొలుస్తాం. తిండి ఒంటికి పడుతోందా లేదా అన్నది బరువు చెప్పదట అమ్మా. ఒంటికి నీరు పట్టినవాళ్ళు కాటా మీద బాగానే తూగుతారు, లోపల కండ కరిగిపోతూ ఉంటుంది. కండ కొలత అబద్ధమాడదని మా డాక్టరమ్మగారు అంటారు.

అయితే కొలిచే చెయ్యి అబద్ధమాడవచ్చు. ముక్కను కాస్త గట్టిగా నొక్కితే చాలు, కండ అణిగి తక్కువ చూపిస్తుంది. అందుకని మాకొక పద్ధతి పెట్టారు. ప్రతి సోమవారం పొద్దున, రోగుల దగ్గరికి పోకముందే, నా కుడి తొడ నేనే కొలుచుకుని రిజిస్టరులో రాయాలి. నేను ఆరోగ్యంగా ఉన్నదాన్ని కాబట్టి నా అంకె మారకూడదు. మారిందంటే నా చెయ్యి తప్పుతోందని అర్థం. "అంగట్లో తూనికరాయి ఉంటుందే, నీ తొడ మనకు అలాంటిది రూతూ" అన్నారు డాక్టరమ్మగారు. నాకెంత గర్వమో! మునెమ్మకు చెబితే, "రాయంటే రాయే, కదలబాకమ్మే" అంది.

మొదటి సోమవారం నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు వచ్చింది. రెండో వారం ఒక గీత తగ్గింది. మూడో వారం ఇంకొంచెం. ఐదో వారానికి మూడున్నర దగ్గరికి దిగింది. మళ్ళీ జెల్ రాసి, ఊపిరి బిగబట్టి, ముక్క జారిపోతుందేమో అన్నంత తేలిగ్గా పట్టుకుని చూశాను. అదే అంకె. మూడుసార్లు చూశాను. మూడుసార్లూ అదే.

నాన్న గుర్తొచ్చాడు. నాన్నకు కూడా కాళ్ళనుంచే కదా మొదలైంది. మొహం మామూలుగానే ఉండేది, పంచె కింద కాళ్ళు మాత్రం వెదురుకర్రల్లా అయ్యాయి. దగ్గు తరవాత వచ్చింది. ఆ రోజు మెట్లెక్కుతుంటే నా కాళ్ళు వణకడం నాకే తెలిసింది. అంతకు ముందూ వణికే ఉంటాయి, నేను గమనించలేదు. బాత్రూములో తలుపు వేసుకుని దగ్గి చూసుకున్నాను, దగ్గు వస్తుందేమోనని. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది.

భయంలో ఒక పని చేశాను అమ్మా. నీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ సోమవారం రిజిస్టరులో మూడున్నర అని రాయలేదు. అంతకు ముందు వారం అంకే వేశాను. తరవాతి సోమవారమూ అదే వేశాను. డాక్టరమ్మగారు సంతకం పెడుతూ, "గుడ్, చెయ్యి కుదిరింది" అన్నారు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఎందుకలా చేశానంటే, ఎటు చూసినా నాకు దారి లేదు. ఆ అంకె నిజమైతే నాకు నాన్న జబ్బు. అంకె అబద్ధమైతే నా చెయ్యి నొక్కేస్తోంది, అంటే నేను కొలిచిన ప్రతి రోగి కొలతా తప్పే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రాయకపోతే రెండూ లేనట్టేనని ఎలా అనుకున్నానో నాకే తెలియదు.

ఇంతకీ రోగుల్లో పెంచలయ్య అని ఒకాయన ఉన్నాడు. సముద్రం ఒడ్డు పాళెం మనిషి, చేపల వేట. కడుపులో గడ్డ ఉంది, కోసి తీసేయాలి. కానీ మనిషి బాగా చిక్కిపోయి వచ్చాడు. కండ కొంతైనా పట్టకుండా కోస్తే కుట్లు అతకవు, లేచి నడవలేడు, అందుకని ముందు తిండి పెట్టి బాగుచేయాలన్నారు. రోజుకు రెండు గుడ్లు, పప్పు, పాలలో కలిపే పొడి. నాలుగు వారాలనుంచి కొలుస్తున్నాను. పెరగలేదు. నా కొలత చూసే ఆపరేషను రెండుసార్లు వాయిదా వేశారు. రాత్రిళ్ళు నొప్పికి మూలుగుతాడు. ఆయన కూతురు రమణమ్మ మంచం పక్కనే నేలమీద పడుకుంటుంది. మొన్న గురువారం ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఎన్నాళ్ళమ్మా ఇట్టా? కోస్తారా కోయరా? రేపు మా నాయన్ని ఇంటికి తీసకపోతుండాం. చచ్చేదేదో ఇంటికాడే చస్తాడు" అంది.

ఇంటికి పోతే ఆయన బతకడు. నా చెయ్యే తప్పయితే ఆయన కండ ఎప్పుడో పెరిగి ఉంటుంది, ఈపాటికి ఆపరేషను అయిపోయి ఉండేది. నేను నా భయం దాచుకున్నందుకు ఆ మనిషి నొప్పి పడుతున్నాడు. ఇక ఆగలేకపోయాను. రిజిస్టరు తీసుకుని డాక్టరమ్మగారి గదికి వెళ్ళి, రెండు వారాలనుంచి అబద్ధం రాశానని చెప్పేశాను. కాళ్ళమీద పడబోతే ఆమె వద్దని చెయ్యెత్తారు. రిజిస్టరు మూసి పక్కన పెట్టారు. తిట్టినా బాగుండేది. చివరికి, "పడుకో, నేను కొలుస్తాను" అన్నారు.

ఆమె చెయ్యి ఇరవై ఏళ్ళ చెయ్యి. జెల్ చల్లగా తగిలింది. నేను తెర చూడలేక పైనున్న ఫ్యాను చూస్తూ పడుకున్నాను. ఆమె చేతిలో మూడున్నరకన్నా ఇంకాస్త తక్కువే వచ్చింది.

"నీ చెయ్యి బాగానే ఉంది. బాగాలేనిది నువ్వు" అన్నారు.

నెత్తురు పరీక్ష, కఫం పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే అన్నీ ఆ రోజే చేయించారు. రిపోర్టులు వచ్చేదాకా నేను అనుభవించింది రాయలేను. శుక్రవారం సాయంత్రానికి, ఏమీ లేదని తేలింది. నాన్న జబ్బు కాదమ్మా. మళ్ళీ రాస్తున్నాను, నాన్న జబ్బు కాదు. రక్తం తక్కువుంది, అంతే. అప్పుడు డాక్టరమ్మగారు అడిగారు, "ఏం తింటున్నావు నువ్వు?"

"అన్నమేనండీ" అన్నాను.

తలుపు దగ్గర నిలబడ్డ మునెమ్మ ఊరుకోలేదు. "యాడ తింటుండాదమ్మా! పగలంతా నీళ్ళు తాగి గడుపుతుండాది. పొద్దు గూకినాక ఇంత ముద్ద. నేను అడిగితే కడుపునొప్పి అంటాది, అరగలేదంటాది. అందరికీ గుడ్డు తినమని చెప్పేది ఈమే, తిననిది ఈమే!"

అమ్మా, ఇప్పుడు నీకు చెబుతున్నాను. ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. గిద్దలూరులో బస్సెక్కిన రోజున నేనొక మొక్కుబడి చేసుకున్నాను. అక్క పురుడు పోసుకునేదాకా, బిడ్డ ఏడుపు వినేదాకా, పగలు అన్నం ముట్టనని. అక్కకు మొదటిది ఐదో నెలలో పోయింది, రెండోది ఏడో నెలలో. ఆ రెండోసారి నువ్వు పాత చీర చింపి ఆ బిడ్డను చుట్టడం నేను చూశాను. ఈసారి అలా జరగకూడదని, నా చేతిలో ఉన్నది అదొక్కటే అనుకుని దేవుణ్ణి అడిగాను. ఉపవాసం నలుగురికీ చెప్పుకుంటే విలువ పోతుందని దాచాను.

నర్సునై ఉండి, కండ కరుగుతుంటే కళ్ళతో చూస్తూ కూడా, ఈ ఉపవాసం సంగతి నాకు తట్టనే లేదంటే నమ్ముతావా? జబ్బని అనుకున్నాను, చెయ్యి తప్పని అనుకున్నాను, యంత్రం చెడిందని కూడా అనుకున్నాను. తిండి మానినందుకని ఒక్కసారి అనుకోలేదు. దేవుడి కోసం వదిలిన అన్నం ఒంటి లెక్కలోకి రాదనే చిన్నప్పటినుంచీ నా నమ్మకం. ఈస్టరు ముందు శ్రమదినాల్లో నువ్వు నలభై రోజులు ఒంటిపూట ఉండి, పొయ్యి దగ్గర వంద మందికి వండేదానివి, నీకేమైంది? ఏమీ కాలేదు. నీ తొడ ఎవరూ కొలవలేదు కాబట్టి ఏమీ కాలేదనుకున్నామేమో.

మొక్కు ఉందని మాత్రం ఆ గదిలో ఒప్పుకున్నాను, డాక్టరమ్మగారు ఎవరికోసమని అడగలేదు. "నీ మొక్కు గురించి నేను మాట్లాడను. కొలత గురించే మాట్లాడతాను. మూడు పూటలా తినేదాకా యంత్రం నీ చేతికి ఇవ్వను. అరిగిపోయిన తూనికరాయితో తూకం వేయను" అన్నారు. రిజిస్టరులో నేను వేసిన రెండు తప్పుడు అంకెలూ నా చేతనే కొట్టివేయించి, పక్కన అసలు అంకెలు రాయించి, సంతకం పెట్టించారు.

అయినా శనివారం నేను తినలేదు. తినలేకపోయాను. అక్కకు ఇది ఏడో నెల. ఇన్నాళ్ళు కాచి, సరిగ్గా ఏడో నెలలో మొక్కు తప్పితే? ప్లేటు ముందు కూర్చుంటే నీ చేతిలో ఆ చీరమూటే కనబడింది. అన్నం కుక్కకు వేశాను.

మరి నా చెయ్యి సరైనదే అయితే, పెంచలయ్యకు ఇంత పెట్టినా కండ ఎందుకు పెరగలేదు? రమణమ్మను బతిమాలి రెండు రోజులు ఆపాం. ఈ రోజు మధ్యాహ్నం మునెమ్మే కనిపెట్టింది. ఆయన తన గుడ్లు, అన్నంలో సగం, మంచం కింద గిన్నెలో దాచి, కూతురికి పెడుతున్నాడు. రోగికే భోజనం, పక్కనున్నవాళ్ళకు లేదు కదా. ఆమె బయట తినడానికి వెళ్ళదు, నాయన్ని వదిలి. ఆయన చూస్తూ తినలేడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ తిండి ఆమెకు పెడితే ఆమె బాగుపడుతుందా? నువ్వు పోతే ఆమెకు ఎవరున్నారు? ఆమె బాగుండాలంటే ముందు నువ్వు తినాలి!" అని వార్డంతా వినబడేలా అరిచాను.

ఆయన నిదానంగా నా చెయ్యి పట్టుకుని చూశాడు. "మునెమ్మ చెప్పినాదిలే. నువ్వెవురి కోసం మానినావమ్మా? నీ మణికట్టు చూడు, వలతాడు మాదిరుండాది. నాకు ఒక నీతి, నీకు ఒక నీతా?"

రమణమ్మకు కూడా భోజనం ఇవ్వమని డాక్టరమ్మగారు వంటగదికి చెప్పి పంపారు, ప్లేట్లు వచ్చాయి. పెంచలయ్య గుడ్డు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. "నువ్వు తింటే నేను తింటా. లేకుంటే తీసకపో" అన్నాడు. హాస్యమనుకున్నాను. కాదు. గడియారం ఒంటిగంట చూపిస్తోంది, ఆ మొండి మనిషి గుడ్డు అలాగే పట్టుకుని నా మొహం చూస్తున్నాడు. తినకపోతే ఆయనకు ఆపరేషను లేదు. ఆయన ఎదురుగా ఉన్నాడు అమ్మా, మూలుగుతూ, ఊపిరి పీలుస్తూ. అక్క బిడ్డ నాకు కనబడదు. వార్డు బీరువాలో ఉన్న ఆ యంత్రంతో అక్క కడుపు ఒక్కసారి చూడాలని ఎన్ని రాత్రులు అనుకున్నానో. గర్భిణుల మీద దాన్ని పెట్టకూడదని గోడమీద రాసే ఉంది, పెట్టను. కానీ ఆ గుండె కొట్టుకోవడం ఒక్కసారి చూస్తే నాకు ధైర్యం వచ్చేది.

తిన్నాను అమ్మా. గుడ్డు, అన్నం, పప్పు. ఆయనా తిన్నాడు, రమణమ్మా తింది. మునెమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఏందిది, చావు కూడు మాదిరి ఏడస్తా తింటారు" అని అందర్నీ తిట్టింది. అప్పటినుంచి ఇప్పటిదాకా నా కడుపులో గుడ్డు కాదు, నిప్పు ఉన్నట్టుంది.

నువ్వు చేయాల్సింది ఒక్కటే. అక్క అన్నం తిన్నాక పడుకుని, బిడ్డ ఎన్నిసార్లు కదిలిందో నోటుబుక్కులో గీతలు పెట్టమని అక్కడి డాక్టరు చెప్పారు కదా. ఈ ఆదివారం మధ్యాహ్నం గడిలో ఎన్ని గీతలున్నాయో చూడు. అక్కను అడగకు, ఆమె నిద్రలో ఉండగా నువ్వే చూడు. రాత్రి గడి కూడా, సోమవారంది కూడా. తరవాత పెద్దమేడంగారి ఫోను అడిగి ఒక్క నిమిషం నాకు చెయ్యి. రేపు కూడా తింటాను, ఎల్లుండి కూడా. పెంచలయ్యకు మాటిచ్చాను. భయపడుతూనే తింటాను. నేను తప్పు చేశాననుకుంటే తిట్టు, కానీ నా తరఫున కాసేపు మోకరించు. పగలు మానేసిన ఉపవాసం బదులు రాత్రి ప్రార్థన ఇస్తానని దేవుడితో చెప్పు, ఆయన ఒప్పుకుంటాడేమో.

వీలైతే కాస్త జొన్నపిండి, నువ్వు కట్టి మెత్తబడ్డ చీర ఒకటి పంపు, ఇక్కడి దుప్పటి తేమకు ఒంటికి అంటుకుంటోంది. పాస్టరమ్మగారికి, పక్కింటి పెద్దమ్మకు నా వందనాలు. బావ ఫోను చేస్తే బాగున్నానని చెప్పు. అక్కకు ముద్దులు, లోపలున్నవాళ్ళకు కూడా. నీ చెయ్యి నా తలమీద ఉంచినట్టు అనుకుని పడుకుంటాను.

నీ ప్రేమకు కాచుకున్న కూతురు,
రూతు

మడిచిన కాగితం మళ్ళీ విప్పాను. అమ్మా, ఆ గడిలో గీతలు తక్కువున్నా, అసలు లేకపోయినా, అక్కను ముందు ఆసుపత్రికి తీసుకుపో, తరవాత నాకు చెప్పు. నేను భయపడతానని, రిజిస్టరులో నేను వేసినట్టు, నువ్వు పాత అంకె చెప్పొద్దు. ఎన్ని ఉంటే అన్నే చెప్పు.